ఫోమ్ తప్పనిసరి అన్న నిబంధన తీసేయండి: ఆఫ్‌రోడ్ బైక్ పోటీల నిర్వాహకులకు బహిరంగ లేఖ

ఉత్తర తెలంగాణలో ఆఫ్‌రోడ్ బైక్ పోటీలు పెట్టే క్లబ్బుల పెద్దలకు, ఆ పోటీల్లో దిగే సీనియర్ రైడర్లకు,

నమస్కారం.

నేను హనుమకొండలో టైర్ల షాపు నడుపుతాను. 22 ఏళ్లుగా ఇదే పని. మొదట్లో సైకిళ్లు, తర్వాత స్కూటర్లు, ఇప్పుడు పొద్దంతా ఆటోలు, సాయంత్రం మీ రేసు బండ్లు. మీలో చాలామందికి నేను తెలుసు. ఈ ప్రాంతంలో ఈ ఆట నిలబడటానికి మీరు చేతి డబ్బు ఎంత పెట్టుకున్నారో నాకు తెలుసు కాబట్టే ముందు మీకే చెప్పాను. ఫిబ్రవరిలో చేత్తో రాసిన ఉత్తరం ఇచ్చాను. మార్చిలో వాట్సాప్‌లో రెండుసార్లు పంపాను, చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి గానీ జవాబు రాలేదు. ఏప్రిల్‌లో నేనే వచ్చి గంటన్నర కూర్చుంటే "చూద్దాంలే" అన్నారు. వానలు తగ్గాక కొత్త సీజన్ నిబంధనలు ప్రకటిస్తారు. ఆలోపే మాట తేలాలని ఇప్పుడు అందరికీ కనిపించేలా రాస్తున్నాను.

గత సీజన్‌లో ఒక పోటీకి పది రోజుల ముందు "రెండు చక్రాల్లోనూ ఫోమ్ ఉండాలి, ట్యూబు బండ్లను స్టార్టింగ్ దగ్గరికి రానివ్వం" అని నిబంధన పెట్టారు. ఆ నిబంధన తీసేయండి. నేను అడిగేది ముఖ్యంగా ఇదే. మిగతాదంతా ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికే.

ఫోమ్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. టైరు లోపల ట్యూబుకు బదులు పెట్టే రబ్బరు నురగ చుట్ట అది. రైడర్లు మూస్ అంటారు. ఆ నురగలో మూసి ఉన్న చిన్న చిన్న గదులు లెక్కలేనన్ని ఉంటాయి, వాటిలో నైట్రోజన్ ఉంటుంది. మిషెలిన్ టైర్ల కంపెనీ 1980లలో డాకర్ ర్యాలీ అనే పెద్ద ఎడారి పోటీ బండ్ల కోసం దీన్ని తెచ్చింది. ముల్లు గుచ్చినా మేకు దిగినా గాలి పోయే సమస్య లేదు. మన దగ్గర సర్కారు తుమ్మ ముల్లు బూటు అట్టలోంచి కూడా దిగుతుంది, మట్టిదారి పక్కనంతా ఆ చెట్లే. గుట్టల కింద బండరాళ్ల సంగతి వేరే చెప్పాలా? వేగంగా వచ్చి రాయికి తగిలితే టైరు నలిగి రిమ్ముకు కొట్టుకుంటుంది, మధ్యలో ట్యూబుకు పక్కపక్కనే రెండు గాట్లు పడతాయి. పాము కాటు అంటాం దాన్ని. ఫోమ్‌కు ఆ బాధ కూడా లేదు.

కాబట్టి మీరు ఆ నిబంధన ఊరికే పెట్టలేదు. అంతకు ముందు ఏడాది వాగు దాటే చోట బండ్లు పంచరై దారికి అడ్డంగా నిలిచిపోయాయి, వెనుక వచ్చేవాళ్లు ఆగిపోయారు, పోటీ చీకటి పడేదాకా సాగింది. నేనూ అక్కడే ఉన్నాను. ఒక్కణ్ణే నాలుగు ట్యూబులు మార్చాను. మీ ఇబ్బంది నిజమైనదే. మీరు వెతికిన మందు మాత్రం మన పిల్లలకు పడేది కాదు.

గత సీజన్‌లో ఫోమ్ నిబంధన పెట్టిన ఆ పోటీ రోజు జరిగింది చెబుతాను. పరకాల వైపు పల్లె నుంచి వచ్చే ఒక పోరడు నా షాపుకు ఐదేళ్లుగా తెలుసు. పాత ఎక్స్‌పల్స్ కొనుక్కుని కిస్తీలు కడుతున్నాడు. అదే బండి మీద పనికి పోతాడు, అదే బండి మీద పోటీకి పోతాడు. మీ నిబంధన చూసి హైదరాబాద్‌లో ఎవరో వాడి వదిలేసిన ఫోమ్ జత కొనుక్కొచ్చాడు. బిగించింది నేనే. లోపల పూసే జెల్ కొత్తది పూశాను, టైరు అంచును రిమ్ముకు పట్టి ఉంచే చిన్న బిళ్ల, రిమ్ లాక్ అంటాం, అదీ బిగించాను. "తమ్మీ, దీంతో సడక్ మీద పోవద్దు, ట్రాలీ ఆటో మాట్లాడుకో" అని చెప్పాను. "ఉన్న పైసలన్నీ దీనికే పెట్టిన కాకా. మెల్లగ పోత, మెల్లగ వస్త" అన్నాడు. అప్పుడే ఆ చక్రం మళ్లీ విప్పేసి ట్యూబు పెట్టి పంపాల్సింది. పంపలేదు. ఆ తప్పు నాది.

పోటీలో బాగా తోలాడు. తిరిగి వచ్చేటప్పుడు పొద్దు గుంకే వేళ, హైవే మీద 80 దాటలేదంటాడు. వెనుక చక్రం ఊగడం మొదలైంది, బ్రేకు మీద కాలు వేసేలోపు టైరు రిమ్ము అంచు వదిలేసింది. కిందపడి భుజం దగ్గర ఎముక విరిగింది. వెనుక అంగడి నుంచి ఇంటికి పోతున్న భార్యాభర్తలు ఎక్సెల్ బండి మీద వస్తున్నారు. వీడికి తగలకుండా పక్కకు కోసేసరికి మట్టిలోకి జారి పడ్డారు. ఆమెకు మణికట్టు విరిగింది. జనవరి నెల అది, యాసంగి నాట్ల రోజులు. ఆమె నాట్ల కూలీకి పోయే మనిషి. ఆ సీజన్ అంతా చెయ్యి మెడకు కట్టుకుని ఇంట్లో కూర్చుంది. ఆఫ్‌రోడ్ పోటీ అంటే ఏమిటో కూడా ఆమెకు తెలియదు.

రెండు రోజుల తర్వాత ఆ చక్రం నా దగ్గరికి వచ్చింది. టైరు విప్పాను. నేను పూసిన జెల్ ఆరిపోయి తెల్లటి పొడిలా రిమ్ముకు అంటుకుని ఉంది. చుట్ట ఒక చోట అరచేతి వెడల్పున కరిగి ముద్దయింది, వేలు పెడితే జిగటగా సాగింది. మిగతాది బెండు ముక్కల్లా విరిగిపోయింది. చక్రం నిలబెట్టి తిప్పితే లోపల నుంచి గుప్పెళ్లకొద్దీ నల్లటి ముక్కలు రాలాయి. కాలిన రబ్బరు వాసన సాయంత్రం దాకా షాపులోంచి పోలేదు. ఆ ముక్కలు ఒక పాల ప్యాకెట్ కవరులో కట్టి దాచాను. ఏప్రిల్‌లో మీ దగ్గరికి వచ్చినప్పుడు నా చేతిలో ఉన్న కవరు అదే. విప్పి చూపించే అవకాశం రాలేదు.

ఇలా ఎందుకైందో, ఇకముందు కూడా ఎందుకు అవుతుందో వరుసగా రాస్తున్నాను.

1. ఫోమ్‌కు శత్రువు ముల్లు కాదు, వేడి. చక్రం తిరిగినప్పుడల్లా ఆ చుట్ట నలుగుతూ, టైరు గోడకు రాసుకుంటూ ఉంటుంది. మట్టిలో వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి కాస్త చల్లారే వీలు దొరుకుతుంది. తారు రోడ్డు మీద గంటసేపు ఒకే వేగంతో పోతే ఆ వీలుండదు. జెల్ ఆరిపోతుంది, రాపిడి పెరుగుతుంది, లోపలి గదులు ఒక్కొక్కటే పగిలిపోతాయి. తయారు చేసిన మిషెలినే ఇది పోటీలకు మాత్రమే, మామూలు రోడ్ల మీద వాడకూడదని చెబుతుంది. మన రోడ్ల సంగతి చూసుకున్నా, టైరులో సరిపడా గాలి ఉండాలని, టైరు మంచి స్థితిలో ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. ఫోమ్ తప్పనిసరి చేసి, బండి ఎలా వచ్చిందని అడగకపోతే, మన పిల్లలను ఆ బండ్ల మీద హైవే ఎక్కమన్నట్టే.

డాకర్‌లో ఫోమ్ చక్రాలతోనే రోడ్డు మీద కూడా పోతారు కదా అని మీలో ఒకరు అన్నారు. పోతారు. 2015లో సి.ఎస్. సంతోష్ డాకర్ పూర్తి చేసిన మొదటి భారతీయుడయ్యాడు. 2024లో హరిత్ నోవా ర్యాలీ 2 తరగతిలో గెలిచాడు. నా షాపులో కుర్రాళ్లంతా ఆ రోజు ఫోను చుట్టూ మూగారు, నేను కూడా పని ఆపి చూశాను. కానీ అక్కడ సాయంత్రం క్యాంపుకు చేరగానే చక్రం విప్పి చూసే మెకానిక్కు ఉంటాడు, అనుమానం వస్తే కొత్త ఫోమ్ వేస్తాడు. పరకాల పోరడికి అలాంటి మెకానిక్కు ఎవరున్నారు? పోటీ అయ్యాక రాత్రి చలిలో అదే చక్రంతో ఇల్లు చేరాలి.

2. బండి బరువు. విదేశాల్లో మట్టి ట్రాక్ పోటీలకు వాడే మోటోక్రాస్ బండి 100, 110 కిలోల దగ్గర ఉంటుంది. కొత్త ఫోమ్ చుట్ట ఇచ్చే బలం దాదాపు 0.9 బార్, అంటే గాలి లెక్కలో 13 పీఎస్ఐ. ఆ తేలిక బండికి, మెత్తటి మట్టికి అది సరిపోతుంది. మన ఎక్స్‌పల్స్ 150 కిలోలు దాటుతుంది, హిమాలయన్ ఇంకా బరువు. హిమాలయన్ వెనుక చక్రం 17 అంగుళాలు, వెనుక ఫోమ్‌లు ఎక్కువగా వచ్చేది 18, 19 అంగుళాల చక్రాలకు. దొరికింది ఏదో కోసి అతికించి పెట్టండని నా దగ్గరికి ఇద్దరు వచ్చారు. పెట్టలేదు, పెట్టను.

3. ఫోమ్ ఎంత అరిగిందో బయటికి కనిపించదు. గాలి టైరుకు గేజ్ పెడితే అంకె చెబుతుంది. పొద్దున 15 డిగ్రీల చలిలో 13 పీఎస్ఐ పెడితే మధ్యాహ్నం 30 డిగ్రీలకు దగ్గర దగ్గర ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. రైడర్ అది చూసుకుని కొంచెం వదిలేస్తాడు. బండరాళ్లున్న దారైతే పెంచుతాడు, ఇసుక వాగైతే తగ్గిస్తాడు. ఫోమ్‌లో ఆ పని కుదరదు. మెత్తగా కావాలంటే చుట్టకు రంధ్రాలు వేస్తారు, లేదా అరిగినది వేస్తారు. వాడినా వాడకపోయినా నెలలు గడిచేకొద్దీ ఆ చుట్ట కుంచించుకుపోతుంది. మీ చెకింగ్‌లో బొటనవేలితో టైరు నొక్కి "మంచిదే" అని స్టిక్కర్ వేశారు. ఆ పోరడి బండికి వేసిన స్టిక్కర్ ఇప్పటికీ దాని మీదే ఉంది.

4. ఖర్చు. కొత్త ఫోమ్ జతకు పెట్టే పైసలతో మంచి టైర్ల జత, మందపు ట్యూబుల జత వచ్చి ఇంకా మిగులుతాయి. నేను ట్యూబు పంచర్‌కు తీసుకునేది 100 రూపాయలు. అంత ఖరీదు పెట్టలేనివాళ్లు పోటీ మానుకుంటారని మీరు అనుకుని ఉంటారు. మానుకోరు. పాతవి కొంటారు. అది ఇంకా ప్రమాదం.

5. ఆ పాత ఫోమ్‌లు రేసు బండ్ల దగ్గరే ఆగడం లేదు. పాలు పోసే ఒకాయన, రోజూ 40 కిలోమీటర్లు తిరిగేవాడు, ఎవరో వాడి పడేసిన చుట్ట ఒకటి పట్టుకొచ్చి "ఇది పెడితే ఇగ పంచర్ కాదట గద" అన్నాడు. వెనుక సీటు మీద క్యాన్లు, కొన్ని రోజులు వాటి మధ్య ఇరుక్కుని బడికి పోయే బిడ్డ. పెట్టనన్నాను. నొచ్చుకుని వెళ్లిపోయాడు. మీ పోటీల్లో ఫోమ్ తప్పనిసరి అన్న మాట ఊళ్లలోకి "ఫోమ్ అన్నిటికంటే మంచిది" అని చేరుతోంది. జనం మిమ్మల్ని చూసి నేర్చుకుంటారు.

ఇంత రాశానని ఫోమ్ చెడ్డదని నా మాట కాదు. ట్రాలీ మీద వచ్చి, మట్టిలో తిరిగి, ట్రాలీ మీదే వెళ్లే బండికి అది చాలా మంచి వస్తువు. ట్యూబు వేసినవాళ్లూ జాగ్రత్తగా లేరు. పోటీకి వచ్చే బండ్లలో సగానికి పైగా రిమ్ లాక్ లేకుండానే చూశాను. అది లేకుండా గాలి తగ్గించి తోలితే టైరు రిమ్ము మీద జరుగుతుంది, ట్యూబును కూడా లాగుతుంది, వాల్వు మొదట్లో తెగిపోతుంది. మీరు చూసిన పంచర్లలో చాలావరకు ముల్లు వల్ల కాదు, ఇలా అయినవే. ఒక్క గుర్తు చెబుతాను. వాల్వు కింద నట్టును రిమ్ముకు బిగించకండి, పైకి తిప్పి మూత దగ్గర ఉంచండి. టైరు జరిగితే వాల్వు ఒక పక్కకు వాలి కనిపిస్తుంది. అప్పుడే ఆగి గాలి తీసి సర్దుకుంటే ట్యూబు బతుకుతుంది. నట్టు గట్టిగా బిగించి ఉంటే ఆ వాలడం కనపడదు, ఒక్కసారే తెగుతుంది.

ఇక మిమ్మల్ని అడిగేవి.

1. "ఫోమ్ తప్పనిసరి" అన్న వాక్యం నిబంధనల్లోంచి తీసేయండి. ట్యూబా, ఫోమా అన్నది రైడర్ ఇష్టం. గెలుపోటములు వాళ్లవే కదా.

2. ఫోమ్ వేసుకున్న బండి ట్రాలీ మీద రావాలి, లేదా పోటీ స్థలంలోనే చక్రాలు మార్చుకోవాలి. అందుకోసం అక్కడ ఒక టెంటు, ఒక కంప్రెసర్, ఇద్దరు టైరు పనివాళ్లు కావాలి. పోటీకి ముందు సాయంత్రం, పోటీ అయిన తర్వాత రెండు గంటలు ఉంటే చాలు. ఒక టెంటుకు అయ్యే ఖర్చు మీ బహుమతి కప్పుల ఖర్చు కంటే ఎక్కువేం కాదు. పనివాళ్లను నేను తెస్తాను, వాళ్ల కూలీ నేను ఇస్తాను.

3. చెకింగ్‌లో బొటనవేలు చాలదు. ట్యూబు బండికి రిమ్ లాక్, స్పోకులు, వాల్వు చూడండి, గేజ్ పెట్టి అంకె రాసుకోండి. ఫోమ్ బండికి అది ఎప్పుడు వేశారో టైరు గోడ మీద తెల్ల పెయింటుతో నెల, ఏడాది రాయించండి. రాయని బండిని ఆపండి. ఫోమ్ వేసినా రిమ్ లాక్ ఉండాల్సిందే, చుట్ట కుంచించుకుపోయాక టైరు రిమ్ము మీద జరగడం దానికీ తప్పదు.

4. దారి మధ్యలో పంచరైన బండి పక్కకు తప్పుకునే చోట్లు ముందే చూసి ఎర్ర జెండా పాతండి. ముఖ్యంగా వాగు దాటే చోట ఇటు, అటు. మీకు మొదట వచ్చిన ఇబ్బంది సగం ఇక్కడే తీరుతుంది. ఆ ఇబ్బంది కోసం పిల్లల జేబులు ఖాళీ చేయించాల్సిన పని లేదు.

5. సీనియర్ రైడర్లకు ఒక విన్నపం. అరిగిపోయిన ఫోమ్‌ను అమ్మకండి, ఊరికే కూడా ఇవ్వకండి. కత్తితో రెండు ముక్కలు చేసి పడేయండి. మీకు వచ్చేది కొద్ది పైసలు, దాని మీద హైవే ఎక్కేది మీ తమ్ముడి వయసు పిల్లాడు.

6. నిబంధనలు తెలుగులో కూడా ఇవ్వండి. పది రోజుల ముందు కాదు, నెల రోజుల ముందు. "ఈ చక్రంతో హైవే మీద వెళ్లకూడదు" అన్న ముక్క పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఆ పోరడు మీ నిబంధనల కాగితం నా దగ్గర చదివించుకున్నాడు, అందులో ఆ మాట ఎక్కడా లేదు.

7. ఆ రోజు కిందపడిన భార్యాభర్తల ఇంటికి మీలో ఒకరైనా వెళ్లండి. చట్టప్రకారం బాధ్యత మీదా కాదా అని నేను వాదించడం లేదు. ఆసుపత్రి ఖర్చులో కొంత నేను, కొంత ఆ పోరడి నాయన పెట్టుకున్నాం. ఆమెకు పోయిన నాట్ల కూలీ ఇంకా ఎవరూ ఇవ్వలేదు. ఊరు, ఇల్లు నాకు తెలుసు, నేను తీసుకెళ్తాను.

కొత్త నిబంధనలు రాసేముందు ఒక్క ఆదివారం నా షాపుకు రండి. పాల ప్యాకెట్ కవరు ఇంకా దాచే ఉంచాను. ఒక కొత్త ఫోమ్, ఒక పాత ఫోమ్, ఒక మందపు ట్యూబు పక్కపక్కన పెట్టి, మీ ముందే విప్పి, బిగించి చూపిస్తాను. రాలేకపోతే ఈ లేఖకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఒప్పుకోకపోయినా సరే, ఎందుకు ఒప్పుకోవడం లేదో రాయండి. దసరా దాకా చూస్తాను. ఆలోపు జవాబు రాకపోతే ఇదే లేఖను జిల్లా రవాణా అధికారికి, పోటీలకు అనుమతి ఇచ్చే అధికారులకు నా సంతకంతో అందజేస్తాను.

ఇట్లు,
టైర్ల షాపు మెకానిక్కు,
హనుమకొండ